కొత్త బండి, పాత కాలు: అభ్యాసం, వైరాగ్యం నాకు అర్థమైన చోటు

ఓం నమో వేంకటేశాయ.

ఈ వారం వీడియోలో భగవద్గీత ఆరో అధ్యాయం, ఆత్మసంయమ యోగం గురించి చెప్పుకున్నాం. మనసు గాలిలాంటిది, దాన్ని పట్టి ఆపడం నా వల్ల కాదని అర్జునుడు చేతులెత్తేస్తాడు. స్వామి ఆయన్ని కోప్పడడు. కష్టమేనని ఒప్పుకుంటాడు. ఒప్పుకుని, అభ్యాసం, వైరాగ్యం అనే రెండు మాటలు చెప్తాడు. ఈ రెండింటితో మనసు లొంగుతుందంటాడు.

వీడియో చూసి ఒకరు అడిగారు. "అభ్యాసం అంటే సాధన, అది అర్థమైంది. మరి వైరాగ్యం అంటే ఇల్లూ వాకిలీ వదిలేయడమేనా అండి? ఉద్యోగాలు చేసుకునే మాకు ఇది ఎలా కుదురుతుంది?" చాలా మంచి ప్రశ్న. వీడియోలో ఆ సంగతి సరిగ్గా చెప్పలేకపోయాను. ఎందుకంటే అది చెప్పాలంటే నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. కెమెరా ముందు నోరు రాలేదు. ఇక్కడ రాస్తాను.

నాకు ఈ రెండు మాటలూ బోధపడింది పుస్తకంలో కాదు, మోటార్ సైకిల్ గేరు లివరు దగ్గర.

మాది ఏలూరు. నాన్నగారిది 2007 నాటి హీరో హోండా స్ప్లెండర్. నేను బండి నేర్చుకున్నది దాని మీదే, కాలేజీకి వెళ్ళింది దాని మీదే. పోయిన కార్తీకంలో నా సొంత డబ్బుతో, కొంత అప్పుతో, రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 కొన్నాను. ఎన్నాళ్ళ నుంచో ఉన్న కోరిక అది. కొన్న మర్నాడే ద్వారకా తిరుమల తీసుకెళ్ళి పూజ చేయించాను. భీమడోలు దగ్గర హైవే దిగి, తోటల మధ్య నుంచి కొండ కనిపించేసరికి నా ఆనందం ఇంతా అంతా కాదు. బండికి పసుపు, కుంకుమ, బంతిపూల దండ. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. దణ్ణం పెట్టుకుని, "స్వామీ, ఏ ప్రమాదం రాకుండా చూడు" అనుకున్నాను. ప్రమాదం అంటే బయట నుంచి వచ్చేదనే అప్పుడు నా ఆలోచన. ఎదుటివాడు తాగి నడపడం, గేదె అడ్డం రావడం, రోడ్డు మీద గొయ్యి, ఇలాంటివి. నా లోపలి నుంచే రావచ్చని తోచలేదు.

చిన్న తిరుపతి వెళ్ళినవాళ్ళకి తెలుసు, అక్కడ గర్భాలయంలో రెండు మూర్తులుంటాయి. ద్వారక మహర్షి తపస్సుకి మెచ్చి పుట్టలో వెలసిన స్వామి పై భాగం వరకే కనిపిస్తాడు. పాదాలు కనిపించవు. భక్తులకి పాదసేవ దొరకాలని వెనక నిలువెత్తు మూర్తిని కూడా ప్రతిష్ఠించారని, అది రామానుజాచార్యుల వారి చేతుల మీదుగా జరిగిందని పెద్దలు చెప్తారు. అందుకే ఏడాదికి రెండు కల్యాణాలు, వైశాఖంలో ఒకటి, ఆశ్వయుజంలో ఒకటి. ముఖం కనిపిస్తే చాలదు, పాదాలు కావాలి అనుకున్నారు మన పెద్దలు. ఆ రోజు ఈ కథ విని వచ్చేశాను. నా సమస్యంతా నా పాదం దగ్గరే ఉందని తర్వాత తెలిసింది.

బండ్లు నడిపేవాళ్ళకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. తెలియనివాళ్ళ కోసం కొంచెం వివరంగా చెప్తాను.

స్ప్లెండర్‌కి నాలుగు గేర్లు. అన్నీ ముందుకే. ఎడమకాలి మునివేళ్ళతో లివరు నొక్కుతూ పోతే ఒకటి, రెండు, మూడు, నాలుగు. తగ్గించాలంటే మడమతో వెనక నొక్కాలి. కొత్త బండికి ఐదు గేర్లు. మొదటిది మాత్రమే ముందుకి నొక్కాలి. మిగతావి వేళ్ళతో పైకి లేపాలి, లేదా మడమతో వెనక నొక్కాలి. అంటే పాత బండిలో గేరు పెంచే నొక్కుడు, కొత్త బండిలో గేరు తగ్గిస్తుంది. సరిగ్గా తలకిందులు.

ఇది నాకు తెలియక కాదు. బండితో ఇచ్చిన పుస్తకం మొత్తం చదివాను. వీడియోలు చూశాను. నేను చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అక్కడ తప్పు ఎక్కడుందో తెలిస్తే సగం పని అయినట్టే, ఒకసారి సరిచేస్తే మళ్ళీ రాదు. కాలు కూడా అంతే అనుకున్నాను. కాని ఫైర్ స్టేషన్ సెంటర్లో ఆగినప్పుడు గేరు తగ్గిద్దామని మడమ నొక్కితే, అది కాస్తా పై గేరు పడి బండి ఆగిపోయేది. వెనక ఆటోలవాళ్ళ హారన్లు. నవ్వుకుని మళ్ళీ స్టార్ట్ చేసేవాణ్ణి. వారంలో అలవాటైపోతుందిలే అనుకున్నాను.

మామూలుగా వెళ్తున్నప్పుడు నిజంగానే అలవాటైనట్టే ఉండేది. ఆలోచించుకుని వేస్తే గేరు సరిగ్గానే పడేది. ఆలోచించే టైము లేనప్పుడు ఏమవుతుందో వచ్చే ఆదివారం తెలిసింది.

తాడేపల్లిగూడెంలో పిన్ని వాళ్ళ అమ్మాయికి సీమంతం. అమ్మ, నేను బండి మీద బయల్దేరాం. అమ్మ పట్టుచీర కట్టుకుని పక్కకి తిరిగి కూర్చుంది. ఒళ్ళో గాజుల డబ్బా, స్వీట్ల సంచి. నాకు హెల్మెట్ ఉంది. అమ్మకి లేదు. అంత డబ్బు పెట్టి బండి కొన్నాను, వెనక కూర్చునేవాళ్ళకీ హెల్మెట్ తప్పనిసరని చట్టం చెప్తోందని తెలుసు, అయినా రెండో హెల్మెట్ కొనలేదు. ఇది నా మొదటి తప్పు. దీనికి ఏ సాకూ లేదు.

గుండుగొలను, భీమడోలు, పూళ్ళ దాటాం. కైకరం దాటాక ముందు వరిగడ్డి ట్రాక్టరు వెళ్తోంది. కోతల రోజులు కదా, రోడ్డు సగం గడ్డే ఉంది. దాటేద్దామని కుడి వైపుకి వచ్చాను. మూడో గేరులో ఉన్నాను, నాలుగు వేద్దామనుకున్నాను. అదే క్షణంలో వెనక నుంచి లారీ హారన్, చెవులు చిల్లులు పడేలా. గాభరాలో నా కాలు తనకి పద్నాలుగేళ్ళ వయసు నుంచి తెలిసిన పని చేసేసింది. మునివేళ్ళతో గట్టిగా కిందకి నొక్కింది.

మూడు నుంచి నాలుగుకి పోవాల్సిన బండి రెండుకి పడింది. ఇంజన్ ఒక్కసారి అరిచింది. ఎవరో వెనక నుంచి పట్టి లాగినట్టు బండి కుదుపుకి ఆగినంత పని చేసింది. అమ్మ వచ్చి నా వీపుకి గుద్దుకుంది. లారీ మమ్మల్ని తప్పించుకుని, గాలి కొట్టుకుంటూ పక్క నుంచి వెళ్ళిపోయింది. ఎంత దూరంలో వెళ్ళిందో చెప్పలేను. చెయ్యి చాపితే తగిలేది.

ఎలాగో క్లచ్ పట్టి, ట్రాక్టరు వెనక్కి వచ్చి, మార్జిన్‌లో ఆపాను. ఆపాక కాళ్ళు వణికి, 195 కిలోల బండి ఎడమ పక్కకి ఒరిగింది. అమ్మ దూకబోయి పడింది. మోచెయ్యి గీసుకుపోయింది. చేతి గాజులు రెండు పగిలాయి.

అంతవరకు జరిగింది నా కాలి తప్పు. ఆ తర్వాత జరిగింది నా నోటి తప్పు. నేను ఇన్ని రోజులు దాచింది అదే.

నేను అమ్మని లేపలేదు. అరిచాను. "సరిగ్గా కూర్చోమని ఎన్నిసార్లు చెప్పాలి నీకు? అలా కదిలితే బండి ఎలా ఆగుతుంది?"

అమ్మ కదల్లేదు. ఆ సంగతి నాకు తెలుసు. అరుస్తున్నప్పుడు కూడా తెలుసు. అమ్మ చీర దులుపుకుంటూ, "కదిలానేమో నాన్నా, చూసుకోలేదు" అంది.

అంతే. గాజుల డబ్బా తీసుకుని మళ్ళీ ఎక్కి కూర్చుంది. గూడెం వరకు ఇద్దరం మాట్లాడుకోలేదు. సీమంతంలో మోచెయ్యి చూసి పిన్ని అడిగితే, "జారిపడ్డాలే" అని పమిట కప్పుకుంది. సాయంత్రం "నువ్వు బండి మీద వెళ్ళు, నేను రైల్లో వస్తాలే" అంది.

మర్నాడు, మా స్ప్లెండర్‌ని మొదటి నుంచీ చూసే మెకానిక్ గారి దగ్గరికి కొత్త బండి తీసుకెళ్ళాను. పెద్దాయన. జరిగింది చెప్పాను, అరిచిన సంగతి తప్ప. ఆయన నవ్వి, "మీ బుర్రకి తెలుసండి బాబూ, కాలికి తెలీదు. కాలికి చెవులుండవు కదండీ, చెప్తే వినడానికి" అన్నారు. ఏం చెయ్యమంటారని అడిగాను. రెండే మాటలు చెప్పారు.

"పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద, నెమ్మదిగా, పని లేకపోయినా గేర్లు వేస్తూ తీస్తూ ఉండండి. పది రోజులు. ఇంకోటి, ఈ పది రోజులూ పాత బండి ముట్టుకోకండి. రెండూ మార్చి మార్చి నడిపితే కాలికి ఏదీ రాదు."

ఇంటికి వచ్చాక ఆ మాట వెలిగింది. కూరగాయలకి, పాలకి ఇంకా స్ప్లెండర్ మీదే వెళ్తున్నాను. పొద్దున కొత్తది నేర్పడం, సాయంత్రం పాతది గుర్తు చేయడం. ఇలా ఎన్నేళ్ళు నడిపినా కాలు మారదు.

మెకానిక్ గారు గీత చదివారో లేదో నేను అడగలేదు. కాని ఆయన చెప్పిన మొదటి మాట అభ్యాసం, రెండో మాట వైరాగ్యం. పాత బండిని తిట్టమనలేదు, అమ్మేయమనలేదు. అది మంచి బండే, నన్ను ఇన్నేళ్ళు మోసింది. దాని వైపు కొన్నాళ్ళు చెయ్యి చాపకండి అన్నారు, అంతే. కొత్తది చేస్తూ ఉండడం అభ్యాసం. పాతదాని వైపు తిరగకుండా ఉండడం వైరాగ్యం. ఒకటి ఉండి రెండోది లేకపోతే పని జరగదు. అందుకే స్వామి రెండూ కలిపి చెప్పాడు. పతంజలి మహర్షి కూడా యోగసూత్రాల్లో ఈ రెండింటినీ జంటగానే చెప్తారు. అభ్యాసం గట్టిపడాలంటే చాలాకాలం చేయాలని, మధ్యలో మానకూడదని, శ్రద్ధతో చేయాలని కూడా వివరిస్తారు.

అడిగిన వారికి నా జవాబు ఇది. వైరాగ్యం అంటే ఇల్లు వదిలేయడం కాదండి. ఇంట్లోనే ఉంటూ, పాత అలవాటు రమ్మన్నప్పుడు వెళ్ళకపోవడం.

రోజూ పొద్దున ఐదున్నరకి కైకలూరు వెళ్ళే రోడ్డు ఎక్కేవాణ్ణి. మార్గశిరం మంచు. కొల్లేరు మీదుగా వెళ్ళే రోడ్డు అది. రెండు పక్కలా నీళ్ళు, చేపల చెరువుల గట్లు, కిక్కిస గడ్డి, గుర్రపుడెక్క. చలికాలం కాబట్టి పెలికాన్ పక్షులు వరుసగా ఎగురుతూ కనిపించేవి. చేపల లారీలు వెళ్తే ట్రేల్లోంచి కారిన నీళ్ళతో రోడ్డు తడిగా ఉంటుంది. అక్కడ తొందర పనికిరాదు. నెమ్మదిగా, వేళ్ళతో లేపు, లేపు, లేపు. నొక్కు, నొక్కు. మళ్ళీ లేపు. మొదట్లో నోటితో చెప్పుకుంటూ వేసేవాణ్ణి. నాలుగో రోజుకి మనసులో చెప్పుకోవడం. ఎనిమిదో రోజు పెదయడ్లగాడి వంతెన దగ్గర ఒక కుక్క అడ్డం వచ్చింది. బ్రేకు వేసి, గేరు తగ్గించి, దాన్ని దాటించి ముందుకి పోయాను. పోయాక గుర్తొచ్చింది, కాలు సరైన పని చేసిందని. నేను చెప్పలేదు. అదే చేసింది. బండి ఆపి, తూర్పుకి తిరిగి దణ్ణం పెట్టుకున్నాను.

ఆ వంతెన దగ్గర నిలబడితే కొల్లేరు కూడా ఒక పాఠం చెప్తుంది. కృష్ణ, గోదావరి డెల్టాల మధ్య పల్లం ఇది. బుడమేరు, తమ్మిలేరు లాంటి ఏర్ల నీళ్ళన్నీ ఇక్కడికే చేరి, ఉప్పుటేరు గుండా సముద్రంలోకి పోతాయి. మనుషులు చెరువుల కోసం గట్లు వేశారు. 2006లో ఆపరేషన్ కొల్లేరు అని ఆ గట్లు చాలావరకు కొట్టేశారు. మామూలు రోజుల్లో గట్టు ఎక్కడుంటే నీళ్ళు అక్కడ ఆగుతాయి. వరద వస్తే మాత్రం పాత దారి వెతుక్కుంటాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు ఆ నీళ్ళు ఇక్కడికి చేరి ఈ రోడ్డు మీదికే ఎక్కాయి. మన సంస్కారాలు కూడా అంతే. మామూలు రోజుల్లో మనం పెట్టిన గట్టుకి లోబడి ఉంటాయి. భయం, కోపం, సిగ్గు వరదలా వచ్చినప్పుడు పాత దారే పడతాయి. మన సాధన ఎంతవరకు వచ్చిందో ఆ వరద రోజునే తెలుస్తుంది.

కాలు మారింది. ఇక అమ్మని మళ్ళీ బండి ఎక్కించాలనుకున్నాను. రెండో హెల్మెట్ కొన్నాను. "అమ్మా, రా, సెంటర్ వరకు వెళ్ళొద్దాం" అంటే, "వద్దులే, ఆటోలో వెళ్తా" అంది. రెండుసార్లు అడిగాను, రెండుసార్లూ అదే మాట. అమ్మకి బండంటే భయం పట్టుకుందని నాన్నగారితో అన్నాను.

ఆయన పేపరు పక్కన పెట్టారు. "బండికి కాదురా భయం. నీ కేకకి."

నేను మాట్లాడలేదు. అమ్మ ఆయనకి ఎప్పుడు చెప్పిందో తెలీదు.

"ఆ మాట నాదేరా" అన్నారు. "సరిగ్గా కూర్చోమని ఎన్నిసార్లు చెప్పాలి నీకు, అని. నీ చిన్నప్పుడు స్ప్లెండర్ మీద బ్రేకు పడ్డప్పుడల్లా మీ అమ్మని నేనే అనేవాణ్ణి. ముందు టాంకు మీద నువ్వు కూర్చుని వినేవాడివి. గేర్లూ నా దగ్గరే నేర్చుకున్నావు, అదీ నా దగ్గరే నేర్చుకున్నావు."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆరో అధ్యాయం ఎన్నిసార్లు చదివాను? వీడియోలు చేసి పదిమందికి చెప్తున్నాను. కఠోపనిషత్తులో యముడు నచికేతుడికి చెప్పిన రథం పోలిక చెప్తుంటాను. శరీరం రథం, ఇంద్రియాలు గుర్రాలు, మనసు కళ్ళెం, బుద్ధి సారథి, లోపలున్న ఆత్మ ఆ రథానికి యజమాని. విన్నవాళ్ళు బాగుందని దణ్ణాలు పెడతారు. కాని ఆ గుర్రాల్లో నాలుక కూడా ఉందని నాకు తట్టలేదు. కాలికి పది రోజుల సాధన పెట్టాను. నాలుకకి ఒక్క రోజు పెట్టలేదు. కాలి తప్పు వల్ల అమ్మకి మోచెయ్యి గీసుకుంది, వారంలో మానింది. నాలుక తప్పు వల్ల అమ్మ చెయ్యని తప్పు ఒప్పుకుంది. అది మానలేదు.

ఇంకో సంగతి కూడా చూసుకున్నాను. క్షమాపణ చెప్పకుండా హెల్మెట్ కొన్నాను. నేను చేసిందే అది. పని చేసి చూపిస్తే మాట అక్కర్లేదనుకున్నాను. అక్కర ఉంటుంది.

ఒకరోజు పొద్దున అమ్మ వాకిట్లో ముగ్గు వేస్తోంది. పక్కన కూర్చున్నాను. "అమ్మా, ఆ రోజు నువ్వు కదల్లేదు. నేనే గేరు తప్పు వేశాను. తెలిసే నిన్ను అన్నాను" అన్నాను.

అమ్మ ముగ్గు ఆపలేదు. "తెలుసు" అంది. కాసేపటికి, "నువ్వు చెప్తావేమోనని చూశా" అంది.

ఎన్ని రోజులు చూసిందో లెక్క వేసుకుంటే పదిహేడు రోజులు.

తర్వాత లేచి చేతులు కడుక్కుని, "పెద్దింట్లమ్మ దగ్గరికి తీసుకెళ్తావా? చాలా రోజులైంది" అంది.

కొల్లేటికోట పెద్దింట్లమ్మ కొల్లేరు లంకలన్నిటికీ తల్లి. జలదుర్గ అని కూడా పిలుస్తారు. ఫాల్గుణంలో జాతర, అప్పుడు ఇసకేస్తే రాలనంత జనం. మేం వెళ్ళింది మామూలు రోజు. కైకలూరు మీదుగా, ఆలపాడు నుంచి లోపలికి. బయల్దేరే ముందు అమ్మకి హెల్మెట్ పట్టీ నేనే పెట్టాను. "చెవులు మూసుకుపోయినట్టుందిరా" అని నవ్వింది. దారిలో ఒకచోట గేదెలు అడ్డం వచ్చాయి. నెమ్మదిగా గేరు తగ్గించి ఆపాను. అమ్మ చెయ్యి నా భుజం మీద ఉంది. బిగుసుకోలేదు.

గుళ్ళో అమ్మవారి ముందు నేను బండి గురించి ఏమీ అడగలేదు. "నా నోటికి గేరు నేర్పు తల్లీ" అని అడిగాను.

ఇక్కడితో అంతా బాగైపోయిందని రాస్తే అబద్ధం అవుతుంది. తర్వాతి వారమే ఆఫీసు మీటింగ్‌లో ఉండగా అమ్మ కాఫీ పట్టుకుని గదిలోకి వచ్చింది. "ఎన్నిసార్లు చెప్పాలి" అని మొదలైపోయింది నోట్లోంచి. కాని "ఎన్నిసార్లు" దగ్గర ఆగాను. నాలుగు అక్షరాలు ఎక్కువే బయటికి వచ్చాయి, మిగతావి రాలేదు. "సారీ అమ్మా, అక్కడ పెట్టు" అన్నాను. ఇంతకు ముందు పదిహేడు రోజులు పట్టింది, ఈసారి అర నిమిషం. ఇదే నా ప్రగతి. చిన్నదే, కాని నిజమైనది.

సాధనలో మధ్యలో జారిపోయినవాడి గతేమిటని అర్జునుడు అదే అధ్యాయంలో అడుగుతాడు. మంచి దారిలో నడవబోయినవాడు ఎన్నటికీ చెడిపోడని స్వామి అభయమిస్తాడు. బండి నేర్చుకునేవాడికి, మాట నేర్చుకునేవాడికి ఇంతకన్నా ధైర్యం ఏం కావాలి?

ఈ వారం మనందరం చేయగలిగిన సాధన మూడు ముక్కల్లో చెప్తాను.

మొదటిది, మీ పాత గేరు ఏదో కనిపెట్టండి. భయం వేసినప్పుడు, తప్పు మీదని తెలిసినప్పుడు మీ నోట్లోంచి అసంకల్పితంగా వచ్చే వాక్యం ఒకటి ఉంటుంది. బహుశా అది మీ నాన్నదో, అమ్మదో అయ్యుంటుంది. దాన్ని ఒక కాగితం మీద రాసుకోండి.

రెండోది, ఖాళీ రోడ్డు మీద నేర్చుకోండి. కోపం వచ్చాక కోపం ఆపడం నేర్చుకోలేం, లారీ హారన్ కొడుతుంటే గేరు నేర్చుకోలేనట్టే. ప్రశాంతంగా ఉన్న రోజుల్లో, ఇంట్లోవాళ్ళు పిలిచినప్పుడల్లా, ఒక్క ఊపిరి తీసుకుని, మనసులో స్వామి నామం ఒకసారి అనుకుని పలకండి. పని లేకపోయినా చేయండి. ఇది అభ్యాసం. ఆ రాసుకున్న వాక్యాన్ని సరదాకి కూడా, ఎవరినీ అనకండి. ఇది వైరాగ్యం.

మూడోది, జారితే ఆ రోజే ఒప్పుకోండి. హెల్మెట్ కొనిచ్చి సరిపెట్టుకోకండి. "తప్పు నాదే" అని నోటితో చెప్పండి. మీ ఇంట్లో కూడా ఎవరో ముగ్గు వేస్తూ, మీరు చెప్తారేమోనని చూస్తూ ఉండవచ్చు.

నాన్నగారి స్ప్లెండర్ ఇంకా మా వాకిట్లోనే ఉంది. ఇప్పుడు అప్పుడప్పుడూ తీస్తుంటాను. ఎక్కే ముందు ఒక్క క్షణం ఆగి, ఇది ఏ బండో కాలికి చెప్పుకుని ఎక్కుతాను. మొన్న నాన్నగారిని దాని మీద ఎక్కించుకుని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. గతుకులో బండి ఎగిరితే వెనక నుంచి, "ఒరేయ్, ఎన్నిసార్లు..." అని మొదలుపెట్టి, ఆగి, "పర్లేదులే, నెమ్మదిగా పోనీ" అన్నారు.

ఆయనకి డెబ్భై ఏళ్ళు దగ్గరపడుతున్నాయి. అభ్యాసానికి వయసు లేదని ఆ రోజు ఆయన నాకు మళ్ళీ నేర్పారు.

వచ్చే వారం వీడియోలో ఆరో అధ్యాయం చివరి శ్లోకాల దగ్గరికి వద్దాం. బండి నడిపేవాళ్ళు హెల్మెట్ పెట్టుకోండి, వెనక కూర్చునేవాళ్ళకీ పెట్టండి. అందరూ క్షేమంగా ఇంటికి చేరాలని ఆ చిన్న తిరుపతి వెంకన్నని, పెద్దింట్లమ్మ తల్లిని వేడుకుంటూ,

ఓం నమో వేంకటేశాయ. శుభం.